స్వింగ్ ముట్టుకోకుండా గోల్ఫ్: నెల్లూరు నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, మృగశిర కార్తె

సంక్రాంతి దాకా నా స్వింగ్ (గోల్ఫ్ బ్యాటు ఊపే తీరు) జోలికి పోకూడదు. ఇదీ ప్రాజెక్టు. గ్రిప్ మార్చడం, వీడియోలు చూసి భుజం తిప్పుడు సరిచేసుకోవడం, కొత్త డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే బ్యాటు) కొనడం, అన్నీ బంద్. ఉన్న స్వింగ్ ఉన్నట్టే ఉంచి, తలలో జరిగే పనిని మాత్రం బాగుచేసుకుంటే ఆట ఎంత మెరుగుపడుతుందో చూడాలి.

దీనికి మొదటి కారణం నేనుండే చోటు. ఉండేది నెల్లూరు, ఆడేది చెన్నై. మన రాష్ట్రంలోనే ఆడదామంటే విశాఖ ఉంది, కానీ ఇక్కణ్ణుంచి 600 కిలోమీటర్ల పైమాట. చెన్నై 175 కిలోమీటర్లు. అక్కడ స్థిరపడిన నా కాలేజీ స్నేహితుడు ఒక క్లబ్బులో మెంబరు. వీలైన ఆదివారం తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, సూళ్లూరుపేట దగ్గర కాఫీ తాగి, ఎండ ముదరకముందే ఆట మొదలుపెడతాం. నెలలో ఒకటో రెండో ఆదివారాలు ఇలా దొరికితే గొప్ప. రొయ్యల మేత డీలరుకు అంతకంటే తీరిక ఉండదు. ఆ కాస్త ఆటతో స్వింగ్ మారదు. దానికి రోజూ బకెట్ల కొద్దీ బంతులు కొట్టాలి, అందుకు రేంజ్, అంటే బంతులు కొట్టి సాధన చేసే మైదానం, ఉండాలి. మనసుకు చేయించే సాధనకు మాత్రం మాగుంట లేఅవుట్‌లో మా హాలు చాలు.

రెండో కారణం లెక్క. నా కోర్సు హ్యాండిక్యాప్, అంటే పార్ (మేటి ఆటగాడికి పట్టాల్సిన షాట్ల సంఖ్య) మీద నాకిచ్చే అదనపు షాట్లు, 24. అంటే పార్ 72 కోర్సులో స్కోరు వందకు అటూ ఇటూ ఉంటుంది. ఒక్కో స్వింగ్ రెండు సెకన్లు కూడా పట్టదు. వంద షాట్లూ కలిపితే బ్యాటు, అదే క్లబ్బు, కదిలే సమయం మూడు నిమిషాల చిల్లర. 18 హోల్స్ ఆడటానికి పట్టేది నాలుగు గంటల పైన. ఇన్నేళ్లూ ఆ మూడు నిమిషాల మీదే డబ్బూ శ్రమా పెట్టాను. మిగతా సమయంలో నడుస్తూ ఏమనుకుంటున్నాను, బంతి దగ్గర నిలబడి ఏం తేల్చుకుంటున్నాను అన్నది ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

కొలవడానికి ఒక పద్ధతి కావాలి. స్కోరుకార్డులో ప్రతి హోల్ కింద ఇంకో గడి గీశాను. కొట్టేముందు క్లబ్బు ఏదో, బంతి ఎక్కడ పడాలో పూర్తిగా తేల్చుకుని కొడితే టిక్కు. లోపల ఏదో ఒక మూల ‘ఇది కాదేమో’ అన్న పీకులాట ఉండగానే కొడితే చుక్క. షాట్ బాగా వచ్చిందా లేదా అన్నదానితో ఈ గడికి సంబంధం లేదు. బాగా వచ్చిన షాట్‌కు చుక్క పడొచ్చు, నీళ్లలో పడ్డ షాట్‌కు టిక్కు పడొచ్చు.

జూన్ చివర

మొదటి ఆదివారం కార్డు టేబుల్ మీద పెట్టుకుని చూశాను. చుక్కలు చెడ్డ హోల్ తర్వాత గుంపుగా ఉంటాయనుకున్నాను. అలా లేదు. అవి రెండు చోట్ల పోగయ్యాయి. ఒకటి, ముందు ఆడేవాళ్లు కదలక మేం ఎదురుచూడాల్సి వచ్చినప్పుడు. రెండు, వరసగా రెండు మూడు హోల్స్ బాగా పోయాక. అంటే నన్ను దెబ్బకొడుతున్నది కోపం కాదు. ఖాళీ సమయం, ఆశ.

ఒక షాట్ గురించి వివరంగా రాయాలి. నీళ్ల మీంచి దాటించాల్సిన పార్ 3, 150 గజాలు. సముద్రం వైపు గాలి ముఖానికి కొడుతోంది. బ్యాగు మోసే కేడీ గుమ్మిడిపూండి వైపు కుర్రాడు, ఇంట్లో తెలుగే. “సార్, గాలుంది, ఆరు తీసుకోండి” అన్నాడు. నేను ఏడో నంబర్ ఐరన్ (ఇనుప క్లబ్బు, నంబరు తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది) బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టి, ఆరు తీశాను. ముందువాళ్లు గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఇంకా పట్‌లు (బంతిని గుంటలోకి దొర్లించే షాట్లు) కొడుతున్నారు. ఆ నిరీక్షణలో గాలి తగ్గినట్టనిపించింది. చేతిలో ఆరు, మనసులో ఏడు. వెనక్కి ఎత్తినప్పుడు బాగానే ఎత్తాను. కిందికి వచ్చేటప్పుడు ‘ఎక్కువైపోతుందేమో’ అన్న మాట వినిపించింది, చేతులు బిగుసుకున్నాయి. బంతి గట్టుకు తగిలి నీళ్లలోకి జారింది. అక్కడ స్వింగ్ లోపమేమీ లేదు. రెండు క్లబ్బుల నిర్ణయాలను ఒకే క్లబ్బుతో అమలు చేయమని శరీరానికి చెప్పాను, అది రెండింటి మధ్యలో ఆగింది.

జూలై

ఇంట్లో సాధన మొదలైంది. హాల్లో పొడుగాటి ఆకుపచ్చ మ్యాట్, చివర గోడకు ఆనించి కప్పు. అసలు హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, బంతి కనీస వ్యాసం 42.67 మిల్లీమీటర్లు. పక్కపక్కన పెడితే రెండున్నర బంతులు పట్టేంత వెడల్పు. చూడ్డానికి చాలా చోటున్నట్టే, కానీ అంచు తాకిందంటే వేగాన్ని బట్టి లోపలా పడొచ్చు, చుట్టూ తిరిగి బయటికీ పోవచ్చు.

ఇక్కడ నేర్చుకోవాలనుకున్నది చూపు. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ 1992లో, పట్ కొట్టేటప్పుడు ఆటగాళ్ల కళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో పరికరంతో గమనించి పరిశోధన ప్రచురించారు. మంచి ఆటగాళ్ల చూపు కొట్టేముందు బంతి మీద ఒకే చోట రెండు మూడు సెకన్లు కదలకుండా నిలుస్తుంది. కొట్టాక కూడా బంతి ఉన్న చోటే ఒక్క క్షణం ఉంటుంది. ఆట అంతగా రానివాళ్ల కళ్లు బంతి, క్లబ్బు, హోల్ అంటూ తిరుగుతూనే ఉంటాయి. ఆ నిలకడకు ఆమె ‘క్వైట్ ఐ’ అని పేరు పెట్టారు. తర్వాత బాస్కెట్‌బాల్‌లో, షూటింగ్‌లో, ఆఖరికి ఆపరేషన్లు చేసే డాక్టర్ల మీద కూడా ఇదే విషయాన్ని పరిశీలించారు.

బంతి మీద స్కెచ్ పెన్నుతో మా అమ్మాయి ఆవగింజంత ఎర్ర చుక్క పెట్టింది. ఆ చుక్క బంతికి వెనకవైపు, క్లబ్బు తగిలేచోట నాకు కనబడేలా పెడతాను. చుక్క మీద చూపు నిలిపి, లోపల నెమ్మదిగా రెండు అంకెలు లెక్కపెట్టి కొట్టాలి. బంతి వెళ్లిపోయాక కూడా మ్యాట్ మీద అది ఉన్న చోటునే చూడాలి, కప్పులో పడ్డ చప్పుడు వినిపించాకే తల ఎత్తాలి.

వినడానికి ఎంత చిన్న పనో, చేయడానికి అంత కష్టం. అమ్మాయి కప్పు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని నా కళ్లనే చూస్తుంది. బంతి కదిలీ కదలకముందే “నాన్నా, చూశావ్” అంటుంది. చూడలేదంటాను. “చూశావ్ నాన్నా, కనుగుడ్లు ఇటు తిరిగాయి.” మళ్లీ బంతి పెట్టుకోవాలి. తల కదలకపోయినా కళ్లు జారుతున్నాయని నాకు తెలిసింది తను చెబితేనే. అద్దం గానీ ఫోను కెమెరా గానీ ఇంత బాగా పట్టుకోవు. వారం పదిరోజులకు “చూశావ్” అనడం బాగా తగ్గింది. ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి ఇంట్లో ఉంటే ఈ సాధన తప్పకుండా చేయండి. నా అనుభవంలో పైసా ఖర్చు లేకుండా ఇంత తొందరగా ఫలితమిచ్చింది ఇంకోటి లేదు.

జూలై, ఇంకో మాట

మోచేయి, మణికట్టు గురించి కొట్టేటప్పుడు ఆలోచించకూడదని ఎందుకు పెట్టుకున్నానో రాసిపెట్టుకోవాలి. సయాన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు పటింగ్ మీదే ప్రయోగాలు చేశారు. ఆట వచ్చినవాళ్లను ‘నీ స్ట్రోక్ ఎలా సాగుతోందో గమనిస్తూ కొట్టు’ అంటే వాళ్ల ఆట దిగజారింది. కొత్తవాళ్లకు మాత్రం అలా గమనించడం మేలే చేసింది. చేతికి అలవాటైపోయిన పనిని మళ్లీ ముక్కలు చేసి మనసు అజమాయిషీలోకి తెచ్చుకుంటే అది తడబడుతుంది. టెన్షన్‌లో మనం చేసేది సరిగ్గా ఇదే.

అందుకని ఈ డైరీ చదివి కొత్తగా క్లబ్బు పట్టినవాళ్లెవరూ కోచ్‌ను మానేయొద్దు. ముందు ఒక స్వింగ్ అంటూ ఉండాలి. నాది అందమైన స్వింగ్ కాదు గానీ, ఏళ్లుగా ఒకే తీరుగా తిరుగుతోంది. ఈ ప్రాజెక్టుకు ఆ మాత్రం చాలు.

ఆగస్టు

ఈ నెలలో నాకు బాగా పనికొచ్చింది ఒక అంకెల పట్టిక. కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ పీజీఏ టూర్ (అమెరికాలో జరిగే పురుషుల ప్రొఫెషనల్ పోటీలు) షాట్ల వివరాలతో తీసిన లెక్కల ప్రకారం, ప్రపంచంలోకెల్లా మేటి ఆటగాళ్లు 3 అడుగుల పట్‌లను నూటికి 96 వేస్తారు. 5 అడుగులకు వచ్చేసరికి 77. 8 అడుగులకు 50. 10 అడుగుల నుంచి 40. 20 అడుగుల నుంచి 15.

8 అడుగులు అంటే మా హాల్లో సోఫా నుంచి టీవీ దాకా కూడా ఉండదు. అక్కణ్ణుంచి రోజంతా అదే పని చేసేవాళ్లు సగం తప్పుతున్నారు. ఆదివారం మాత్రమే ఆడే నేను 6 అడుగుల పట్ తప్పినందుకు రెండు హోల్స్ పాటు లోపల్లోపల రగిలిపోవడం ఎంత అన్యాయం! టీవీలో చూపించేవన్నీ ముందున్నవాళ్ల పట్‌లే, అందులోనూ పడ్డవే ఎక్కువ. అవి చూసి చూసి పడటమే మామూలు, తప్పడం వింత అనుకుంటున్నాం. పట్టికను చిన్న కాగితం మీద రాసి బ్యాగు జేబులో పెట్టుకున్నాను. పట్ తప్పినప్పుడు చూసేందుకు కాదు, కొట్టేముందు చూసేందుకు. 20 అడుగుల నుంచి నా పని బంతిని కప్పు పక్కకు చేర్చడమే అని ముందే తెలిస్తే చేతుల్లో ఆ బిగింపు ఉండదు.

2021 ఆగస్టు 7 గుర్తొచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ చివరి రౌండు. గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని మా మేత గోడౌన్ కుర్రాళ్లు కూడా పొద్దున్నే ఫోన్లలో చూశారు. సాయంత్రం నీరజ్ చోప్రా బంగారు పతకం తెచ్చాడు గనక ఆ రోజు అందరికీ జావెలిన్‌తోనే గుర్తుంది. నాకు మాత్రం అదితే గుర్తు. ఆమెతో ఆడినవాళ్లు డ్రైవర్‌తో బంతిని ఆమెకంటే చాలా ముందుకు కొడుతున్నారు. చాలా హోల్స్‌లో రెండో షాట్ ముందుగా కొట్టాల్సింది తనే. అయినా ఆ దూరంతో పోటీ పడటానికి పోకుండా తన ఆటే ఆడింది, పట్‌లు వేసుకుంటూ పోయింది. ఒక్క స్ట్రోక్‌తో కాంస్యం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది. పక్కవాడి బంతి ఎంత దూరం పోయినా మన చేతిలో క్లబ్బు మారకూడదన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మా ఫోర్‌బాల్‌లో, అంటే కలిసి ఆడే మా నలుగురిలో, నాకంటే నలభై గజాలు దూరం కొట్టేవాడు ఒకడున్నాడు. అతని తర్వాత కొట్టాల్సి వచ్చినప్పుడు నా గడిలో ఎప్పుడూ చుక్కే. ఇప్పుడు అతను కొట్టేటప్పుడు నేను ఫెయిర్‌వేలో (గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) నా గురివైపు చూస్తూ నిలబడుతున్నాను.

సెప్టెంబర్

రొయ్యల ధరలు పడ్డ నెల. కిలోకు పది రూపాయలు తగ్గితే రైతు ముందు ఫోన్ చేసేది కొనేవాడికి కాదు, మేత అప్పిచ్చిన నాకు. కోర్సు మీద కూడా జేబులో ఫోను వణుకుతూనే ఉంది. మొదటి తొమ్మిది హోల్స్ అయ్యేసరికి గడులన్నీ చుక్కలే.

ఫోన్ ఆపేయొచ్చు, కానీ తలలో మోగేది ఆగదు. అందుకే గీత పద్ధతి పెట్టుకున్నాను. బంతికి నాలుగడుగులు వెనక నేల మీద ఒక గీత ఉందనుకుంటాను. గీతకు వెనక ఉన్నంతసేపూ ఏమైనా ఆలోచించొచ్చు: గాలి, దూరం, క్లబ్బు, కేడీ మాట, రైతు బాకీ కూడా. క్లబ్బు ఎంచుకుని, బంతి పడాల్సిన చోటు చూసుకుని, నాలుగు అంకెల పాటు ఊపిరి పీల్చి ఏడెనిమిది అంకెల పాటు వదులుతాను. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది, ఇది శరీర ధర్మం. అప్పుడు గీత దాటుతాను. దాటాక క్లబ్బు మార్చేది లేదు. మార్చాలనిపిస్తే వెనక్కి వచ్చి మళ్లీ మొదలు.

మా రైతులెవరూ చెరువులో దించిన చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తి చూడకుండా తర్వాతి మేత వేయరు. ట్రేలో మిగిలిందా, తిన్నాయా చూస్తారు, ఎన్ని కిలోలో తేలుస్తారు, వేసేస్తారు. పడవలో నిలబడి బస్తా విప్పాక మళ్లీ లెక్కలు వేసుకునేవాణ్ణి నేను చూడలేదు. గీత దాటడం నాకు అలాగే అలవాటు కావాలి.

స్నేహితుడికి మొదట్లో విసుగొచ్చింది. “ఏందబ్బా, పూజ చేస్తుండావా?” అన్నాడు. వాచీ పెట్టి చూడమన్నాను. నిబంధనలు ఒక్కో షాట్‌కు సూచించే సమయం 40 సెకన్లు. గీత, ఊపిరి, షాట్ అన్నీ కలిపి నాకు దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ పడుతోంది. ఇదివరకు క్లబ్బులు మార్చుకుంటూ నిలబడ్డప్పుడే ఇంకా ఎక్కువ పట్టేది. తర్వాత అతనేమీ అనలేదు.

అక్టోబర్, నవంబర్

వానలు. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా, నెల్లూరుకైనా చెన్నైకైనా. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ఆదివారం ప్రయాణం లేదు.

కరెంటు పోయిన రాత్రుళ్లు మంచం మీద పడుకుని తలలోనే 18 హోల్స్ ఆడాను. ప్రతి షాట్ కొట్టేముందు అది ఎలా పోతుందో సినిమాలా చూసుకుంటానని అమెరికా మేటి ఆటగాడు జాక్ నిక్లాస్ చెప్పిన సంగతి గోల్ఫ్ ఆడేవాళ్లందరికీ తెలుసు. నాకు మాత్రం బొమ్మ సరిగా కట్టదు. ఫెయిర్‌వే మసకగా వస్తుంది, బంతి కనబడదు. అయితే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది: ఐరన్ బంతి మధ్యలో తగిలినప్పటి ఆ మెత్తని ‘టక్’, అరచేతుల్లో ఏమీ తగలనట్టుండే తేలిక. అందుకని బొమ్మ వదిలేసి చప్పుడూ స్పర్శే పట్టుకున్నాను. ‘కళ్లు మూసుకుని ఊహించుకో’ అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం సరికాదని నాకనిపిస్తుంది. ఎవరికి ఏ ఇంద్రియం పలుకుతుందో చూసుకోవాలి.

విచిత్రం ఏమిటంటే, ఊహలో కూడా ఆ నీళ్ల పార్ 3 దగ్గర బంతి గట్టుకే తగిలేది. అక్కడే ఆగి, గీత వెనక్కి పోయి, ఊపిరి వదిలి, ఆరు నంబర్ ఐరన్ చప్పుడు విని మళ్లీ కొట్టేవాణ్ణి. అవతలి గడ్డిలో పడ్డాకే తర్వాతి హోల్. కొన్ని రాత్రులు ఆ హోల్ దాటకముందే నిద్రపోయాను.

వాన తెరిపిచ్చిన తెల్లవారుజామున మైపాడు బీచ్‌కు పోయాను. జనం రాకముందు, పడవలకు దూరంగా, పొడి ఇసుకలో ఒక వెడ్జ్ (దగ్గరి షాట్ల క్లబ్బు), ఒకే ఒక్క బంతి. సాధన అనగానే పాతిక బంతులు పోసుకుని కొడతాం. తప్పింది అనుకునేలోపు ఇంకోటి ఉంటుంది. కోర్సు మీద అలా ఉండదు. అందుకే ఒక్క షాట్ కొట్టి, బంతి దగ్గరకు నడిచి, ఆ నడకలో షాట్ గురించి తిట్టుకోకుండా సముద్రం చప్పుడు వింటూ పోయి, మళ్లీ గీత గీసుకుని ఇంకోటి. బంకర్ (కోర్సు మీది ఇసుక గుంట) షాట్‌కు ఇది సరైన సాధన కాదు, తీరం ఇసుక వేరు. నడకకు మాత్రం సరైనదే.

డిసెంబర్

మా ఫోర్‌బాల్‌లో పెద్దాయన ఒకరున్నారు. దూరం షాట్లు ఇప్పటికీ చక్కగా ఆడతారు, రెండడుగుల పట్ దగ్గర కుడిచెయ్యి ఎగిరిపడుతుంది. దీన్ని గోల్ఫ్‌లో ‘యిప్స్’ అంటారు. నా ఊపిరి పద్ధతి, ఎర్ర చుక్క ఆయనకు చెప్పాను. శ్రద్ధగా చేశారు, ఫలితం లేదు. యిప్స్ అన్నీ భయం వల్ల వచ్చేవి కావనీ, కొందరిలో అది నరాలకూ కండరాలకూ సంబంధించిన ఇబ్బంది కావచ్చనీ అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు చెప్పారు. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌ను యిప్స్ పదేపదే వేధించాయి. ఆయన పట్టు మార్చి చూశారు, 1985లోనూ 1993లోనూ మాస్టర్స్ అనే పెద్ద టోర్నీ గెలిచారు, ఆ తర్వాత పొడుగు పటర్ (పట్ కొట్టే క్లబ్బు) కూడా పట్టారు. కాబట్టి పెద్దాయనకు “మనసు గట్టి చేసుకోండి సార్” అనడం మానేశాను. పట్టు మార్చి చూడమన్నాను. ఎడమచెయ్యి కిందికి పెట్టి ఇప్పుడు కొంచెం నయమంటున్నారు. మనసుతో అన్నీ కుదురుతాయని నేననను.

వానల తర్వాత మొదటి ఆదివారం కార్డు ఇది. సగం హోల్స్ అయ్యేసరికి ఎన్నడూ లేనంత మంచి స్కోరు. స్నేహితుడు పైకే లెక్కపెట్టి చెప్పాడు, “ఇట్టే ఆడితే తొంభై లోపలే రా.” అక్కడే చుక్క పడింది. జూన్‌లో చూసిన ఆశ ఇదే. ఇప్పుడు తేడా ఏమిటంటే, గీత దాటాక ఆ ‘తొంభై’ వినిపించింది, వెనక్కి వచ్చాను. మళ్లీ దాటాను, మళ్లీ వినిపించింది, మళ్లీ వచ్చాను. మూడోసారి కొట్టాను. ఫెయిర్‌వే మధ్యలో పడలేదు, రఫ్ (పక్కన పెరిగిన గడ్డి) అంచున పడింది. గడిలో టిక్కు పెట్టాను.

తర్వాత ఒక పార్ 4లో బంతి చెట్ల మధ్య ఇరుక్కుంది. ఇలాంటప్పుడు నాకు ఊరట ఇచ్చే నిబంధన ఒకటుంది. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో ఒక హోల్ ఎంత పాడైనా హ్యాండిక్యాప్ లెక్కకు నెట్ డబుల్ బోగీ (పార్ మీద రెండు, దానికి ఆ హోల్‌లో మనకిచ్చే అదనపు షాట్లు కలిపిన స్కోరు) వరకే తీసుకుంటారు. నాకు పార్ 4 మీద అది 7, కష్టమైన ఆరు హోల్స్‌లో 8. నష్టానికి కూడా హద్దుందని తెలిస్తే, సందులోంచి వీరోచితంగా కొట్టాలన్న తొందర పోతుంది. బంతిని పక్కకు తీసి, ఆ హోల్‌ను ఆరు షాట్లలో ముగించాను.

నీళ్ల పార్ 3 దగ్గర ఈసారి ఎదురుగాలి లేదు. కేడీ ఏడు ఇచ్చాడు. పడుకుని సాధన చేసిందంతా ఆరుతో! గీత వెనక నిలబడి ఏడు చప్పుడు ఎలా ఉంటుందో ఒకసారి తెచ్చుకుని దాటాను. బంతి గ్రీన్ మీదికి పోలేదు గానీ నీళ్లు దాటి ఎడమవైపు గడ్డిలో ఆగింది. “సూపర్ సార్” అన్నాడు కేడీ.

ఆ రోజు తొంభై లోపల రాలేదు, కానీ తొంభై అయిదు దాటలేదు. ఇప్పుడు వందలోకి పోవడం అరుదు. నాకు అంతకంటే ముఖ్యం, కార్డులో చుక్కలు జూన్‌తో పోలిస్తే సగానికి తగ్గాయి. మిగిలినవి దాదాపు అన్నీ మూడు నాలుగు అడుగుల పట్‌ల దగ్గరే. అంత దగ్గర్నుంచి ‘ఇదేం లెక్క’ అని గీత పెట్టుకోవడం లేదు, నడుచుకుంటూ పోయి కొట్టేస్తున్నాను. 3 అడుగులకు 96, 5 అడుగులకు 77 అన్న పట్టిక జేబులోనే ఉంది, చూడ్డం లేదు.

సంక్రాంతికి గడువు అయిపోతుంది. స్వింగ్ వీడియో తీసి కోచ్‌కు పంపుదామా అని స్నేహితుడు అడిగాడు. ఉగాది దాకా వద్దన్నాను. ముందు ఈ పొట్టి పట్‌లకు కూడా గీత అలవాటు చేయాలి. అమ్మాయికి పరీక్షలు దగ్గరపడ్డాయి గనక గోడ పక్కన కూర్చునే పని మా ఆవిడకు అప్పజెప్పాను. రాత్రి వంటిల్లు సర్దేముందు నాలుగడుగుల నుంచి ఒకే ఒక్క పట్. తప్పితే గిన్నెలు నావి. పడితే ఆమెవి. ఒప్పందం తనే పెట్టింది, రేపటి నుంచే అంటోంది.